చూపించేదా, చెప్పేదా

నాలుగూ పదికల్లా దిగిపోతానన్న మనిషి నాలుగూ ఇరవై అయినా జాడ లేడు, పది నిమిషాలేగా, పది నిమిషాలకే కొంపలు మునుగుతాయా, రైలు రెండు గంటలు ఆలస్యమైనా కావలి ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కిమ్మనకుండా కూర్చున్నదాన్ని, ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లకాయలకు లెక్కలు చెప్పినదాన్ని, ఓపిక లేనిదాన్నేం కాదు నేను. కానీ రన్‌వే పక్కన ఈ రేకుల షెడ్డు కింద, ఒక కాలు పొట్టిదైన ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆకాశంకేసి చూస్తుంటే పది నిమిషాలు పది నిమిషాల్లా గడవడం లేదు. ఒడిలో రెండు కాగితాలున్నాయి, షఫీ ఇచ్చిపోయినవి. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద కళ్ళజోడు పెట్టె పెట్టుకున్నాను. రెండింట్లో ఒకదాని కింద మా ఆయన సంతకం చేసి, ఫోటో తీసి, ఐదింటిలోపల షఫీకి పంపాలి. పంపితే ఈ రొయ్యల చెరువుల ఆసామి రంగనాయకులుగారి చిన్న విమానానికి, అంటే మా ఆయన నడిపే నాలుగు సీట్ల విమానానికి, చుట్టుపక్కల ఇంకే విమానమైనా వస్తుంటే తెలియజేసే యంత్రం బిగిస్తారు. ఏది బిగించాలో ఎన్నుకునే పని రంగనాయకులుగారు ఆయనకే వదిలేశారు, ఆయన ఎప్పుడో మొదటిది ఎంచుకునేశాడు. అది వద్దు, రెండోది కావాలని నేను చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి. అక్కడే వచ్చింది తంటా.

షఫీ నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియక బిక్కమొహం వేసేవాడు, ఇప్పుడు చెన్నైలో ఉంటూ విమానాలకు వైర్లు బిగిస్తున్నాడు, దేవుడు ఎవరి నొసట ఏం రాస్తాడో. పోయిన ఆదివారం మా ఇంట్లో కూర్చుని, టీ గ్లాసును విమానం చేసి, బిస్కెట్టును ఇంకో విమానం చేసి, నాకు పాఠం చెప్పాడు. "టీచరమ్మా, మొదటిది చూపించేది. అరచేతంత పెట్టె, అద్దానికి అతికిస్తే చాలు. పైన తిరిగే విమానాలు నేనిక్కడుండా, నేనిక్కడుండా అని చెప్పుకుంటా పోతాయి. ఇది విని టాబ్లెట్‌లో చుక్క పెడతాది. చెప్పుకోని విమానం వచ్చిందనుకోండి, దీనికి తెలవదు. రెండోది అట్టా కాదు. ఎవురక్కడ అని అదే అడుగుతాది. అవతల బదులిచ్చే పెట్టె ఉంటే చాలు, జవాబొస్తాది. దగ్గిరికొస్తే చెవిలో చెప్తాది కూడా, ట్రాఫిక్, పది గంటల దిక్కు, కిందగా, అని." పది గంటల దిక్కంటే ఏందిరా అన్నాను. మన విమానం ముక్కు పన్నెండు అనుకోవాలట, కుడి రెక్క మూడు, ఎడమ రెక్క తొమ్మిది, గడియారం మీద కూర్చున్నట్టే. అయితే పది గంటల దిక్కంటే పైలట్ ఎడమ చెంపకు కొంచెం ముందుగా అన్నమాట. బిస్కెట్టు ముక్కను గ్లాసుకు ఎడమగా, కొంచెం కిందగా పట్టుకుని, ఇక్కడా అని అడిగాను. అక్కడే అన్నాడు. నా చేతిలో బిస్కెట్టు జారి టీలో పడింది. టీచరమ్మ కూడా పైలటై పోతుండాదే అని వాడు నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు. కాగితాలు రెండూ తిప్పి చూసి రెండోదాన్ని పక్కకు తోసేశాడు. "దీని యాంటెన్నాల కోసం విమానం ఒంటికి రెండు బెజ్జాలు పొడవాల, పైన ఒకటి, కింద ఒకటి. పైగా చెవిలో సణుగుడు. సణిగేది ఇంట్లో ఒకటుండాది, చాలు. ఎదర ఏముందో చూసుకోడానికి నా కళ్ళుండాయి గదా." షఫీ ముందర ఆ మాట అన్నందుకు కాదు నాకు ఒళ్ళు మండింది. సణుగుతాను, నిజమే, సణగకపోతే ఆ ఇంట్లో కొళాయి కట్టేవాళ్ళెవరు. కళ్ళుండాయి గదా అన్నాడే, దానికి. ఉంటే సరే, తెరిచుండాలి కదండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. డిసెంబరు నుంచి మింగుతూనే ఉన్నాను, ఇప్పుడు మార్చి, ఇన్ని నెలలు ఒక మాటను కడుపులో పెట్టుకుంటే అది ఊరుకుంటుందా, అన్నం సయించనివ్వదు. నేను ఎలిశబెతును, నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మే అనేది, అలాంటిదాన్ని ఇంత మాట దాచిపెట్టుకుని తిరుగుతున్నానంటే మా అక్క డెబోరా అయినా నమ్మదు.

అవతల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు తెల్లగా చిమ్ముతున్నాయి. వాటి మోతలో విమానం మోత వినిపించదేమోనని నా భయం, వాటిని కాసేపు ఆపమందామా అంటే ఊపిరాడక రొయ్యలు చస్తాయి, మా ఆయన కోసం రంగనాయకులుగారి రొయ్యల్ని చంపమంటానా, అడిగినా అడుగుతాను, నాకేం సిగ్గు. వాచ్‌మన్ ఓబయ్య విజిల్ మెడలో వేసుకుని రన్‌వే పొడుగునా నడిచి వస్తున్నాడు. గేదెలు అడ్డం పడకుండా చూడ్డం ఆయన పని. "వస్తాడులేమ్మా, ఎదురుగాలిగా ఉండాది" అన్నాడు. గాలి సంగతి ఓబయ్యకు తెలుసు, నలభై ఏళ్ళు జువ్వలదిన్నె నుంచి చేపల వేటకు పోయినవాడు. సరే అన్నాను. ఫోన్ చూసుకున్నాను. గన్నవరంలో రంగనాయకులుగారిని దించి, తిరుగు ప్రయాణంలో ఎప్పుడూ పంపినట్టే ఒక్క మాట పంపాడు, బయల్దేరినా అని. రెండూ యాభైకి. అంటే మూడు గంటలకు గాల్లోనే ఉన్నాడు. ఈ రోజు శుక్రవారం. ప్రభువా, శుక్రవారం.

ఆ రోజూ శుక్రవారమే. అక్కను చూసి వద్దామని విజయవాడ వెళ్ళాను, తిరిగొచ్చేటప్పుడు విమానం ఎట్టాగూ ఖాళీ గదా, టీచరుగారిని ఎక్కించుకుని రండి అని రంగనాయకులుగారే అన్నారు. కుడి సీట్లో కూర్చున్నాను. చెవులకు ఆ పెద్ద డొప్పలు, మాట్లాడితే నా గొంతు నాకే రేడియోలో వచ్చినట్టు. ఎడమ సీట్లో ఆయన. మబ్బు తునక లేదు, కింద సముద్రం అంచున నురుగు ఎవరో ముగ్గుపిండితో గీత గీసినట్టు ఉంది. చేతి గడియారం చూసుకుంటే మూడు. మా మందిరంలో స్త్రీల సమాజానికి గొలుసు ప్రార్థన ఉంది, శుక్రవారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, పావుగంటకొకరు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఎక్కడున్నా సరే, కూర మాడిపోతున్నా, బస్సులో నిలబడి ఉన్నా, పెదవి విప్పి పైకి వినపడేలా ప్రార్థన చేయాల్సిందే, లేకపోతే గొలుసు తెగినట్టు. మూడింటి కొలికి నాది. పదకొండేళ్ళుగా తెగనివ్వలేదు, అదొక గొప్ప నాకు, జ్వరంలో కూడా తెగనివ్వలేదని పదిమందికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఆకాశంలో తెగుతుందా? మూడయిందండీ, ప్రార్థన చేసుకుందాం అన్నాను.

అనకూడని మాట అది. ఆయన తండ్రి మందిరంలో వాక్యం చెప్పే ఉపదేశి. తెల్లారుజామున నాలుగింటికి తండ్రి లేపి కూర్చోబెట్టి ప్రార్థన చేసుకుందాం అనేవాడట, కునికితే బెత్తం. ఆ రెండు మాటలు చెవిన పడితే ఆయన తల దానంతటదే వంగుతుంది, కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. పెళ్ళిళ్ళలో అంతే, బస్టాండులో అంతే, ఒకసారి చేతిలో సాంబారు గిన్నె పట్టుకుని వంగితే చొక్కా అంతా పోసుకున్నాడు. గాల్లో, విమానం నడుపుతూ, కాకపోతే ఆ సమయానికి అది తనంతట తాను పోయే మీట వేసి ఉందిలెండి, ఆ మాట అనగానే నా గిద్యోను తల వంచుకుని కళ్ళు మూసుకున్నాడు.

నేను మూసుకోను. అదీ చెప్పాలి. చిన్నప్పటి నుంచీ అంతే, మా నాన్న ప్రార్థన మొదలుపెడితే సగం కన్ను తెరిచి పొయ్యి మీద పప్పు పొంగుతుందేమో చూసేదాన్ని. పెళ్ళయ్యాక పప్పు మీద నుంచి చూపు మా ఆయన మీదకు మళ్ళింది. మామూలప్పుడు తేరిపార చూస్తే ఏందట్టా చూస్తుండావు అంటాడు, సిగ్గేస్తుంది. ప్రార్థన సమయంలో అడిగేవాడు లేడు. రెప్పలు అదురుతుంటాయి, కుడి కనుబొమలో రెండు వెంట్రుకలు మిగతావాటికంటే ముందు నెరిశాయి, పెదవులు నా మాటల వెనకే కదులుతుంటాయి. ముప్పై రెండేళ్ళుగా నేను దేవుడి ముందు చేస్తున్న దొంగతనం ఇదొక్కటే. ఇష్టం, ఏం చేయను? ఈ వయసులో ఇది పైకి చెప్తే స్త్రీల సమాజం నన్ను ఒక నెల ఆడిపోసుకుంటుంది. ఆ రోజూ అలాగే నోటితో ప్రార్థన చేస్తూ ఆయన మొహం చూస్తున్నాను. ఆ మొహం వెనక, ఎడమ కిటికీలో, కొంచెం కిందగా, ఒక తెల్లటి విమానం మావైపే వచ్చేసింది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఏదో సర్వే విమానమేమో. మా రెక్క కింద నుంచి వెనక్కి పోయింది. అయిదు కిటికీలు. అంత భయంలోనూ లెక్కపెట్టాను, లెక్కల టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఏమండీ అని అరవాలి కదా? పక్కనున్నవాణ్ణి ఒక్క గుద్దు గుద్దాలి కదా? చెయ్యి లేవలేదు, నోరు మాత్రం ఆగలేదు, మా రాకపోకల్లో తోడుండు తండ్రీ అంటూనే ఉంది. అలవాటైన మాటలు వాటి దారిన అవి వస్తున్నాయి, కావలసిన ఒక్క మాట పెగల్లేదు. ఆమేన్ కూడా అన్నాను. ఆయన కళ్ళు తెరిచి, కిటికీలోంచి ఖాళీ ఆకాశం చూసి, "మబ్బు లేదు, ఎంత బాగుందో చూడు" అన్నాడు. బాగుందండీ అన్నాను.

దిగాక చెప్దామనుకున్నాను. దిగాక ఇంటికెళ్ళి చెప్దామనుకున్నాను. రాత్రి అన్నం పెట్టి చెప్దామనుకున్నాను. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఎయిర్‌ఫోర్స్‌లో ఆయనకు పరంజ్యోతిగారని పై అధికారి ఉండేవాడు. ఒకసారి దిగేటప్పుడు ఏదో పొరపాటు చేశాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ చూడలేదు, అయినా మర్నాడు తానే వెళ్ళి ఇక నేను ఎగరను అని రాసిచ్చాడట. మా ఆయనకు పరంజ్యోతిగారంటే అంత గురి. తప్పు ఎవరూ చూడకపోయినా తాళం చెవి మనమే దించాల అని వందసార్లన్నా చెప్పి ఉంటాడు. ఈ సంగతి చెప్పాననుకో, ఆ సాయంత్రమే తాళం దించేసి ఎగరడం మానేస్తాడు. రిటైరై ఇంట్లో కూర్చున్న ఆ రెండేళ్ళు నేను మర్చిపోలేదు. మిక్సీ మూడుసార్లు విప్పాడు, మూడుసార్లూ ఒక మర మిగిలింది. బట్టల క్లిప్పులు రంగుల వారీగా పెట్టేవాడు. పాలవాడితో నీళ్ళ గురించి పోట్లాట, పేపరువాడితో టైము గురించి పోట్లాట, ఆ తర్వాత అదీ లేదు, మంచం మీద గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఏమండీ అంటే ఊఁ. రంగనాయకులుగారు కబురు పంపిన రోజు చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. ఇప్పుడు అరవై ఒకటి, పొద్దున్నే లేచి సముద్రం మీద గాలి ఎటు ఉందో చూసి ఈల వేస్తాడు. ఆ ఈల నా చేతులతో నేనే ఆపాలా?

చెప్పకపోతే ఏమవుతుందిలే, ఆయన పక్కన నేను కూర్చోకపోతే సరి, నేనే కదా ప్రార్థన అన్నది, నా నోరే కదా దీనికంతటికీ మూలం, అనుకున్నాను. మోకాలు నొప్పన్నాను. తల తిరుగుతుందన్నాను. డిసెంబరు నుంచి మళ్ళీ ఆ సీటు ఎక్కలేదు. రా ఒకసారి అని రెండుసార్లు అడిగాడు, ఆ తర్వాత అడగడం మానేశాడు. బతికిపోయానురా దేవుడా అనుకున్నాను. పోయిన శుక్రవారం రాత్రి చేప ముల్లు తీసుకుంటూ మామూలుగా అన్నాడు కదా, "మూడింటికి నేను యాడున్నా నీతో పాటు రెండు మాటలు ప్రార్థన చేసుకుంటుండాలే, పైనున్నా సరే, నీ గొలుసులో నేను కూడా ఒక కొలికి." కలిపిన ముద్ద కంచంలో వదిలేశాను. పైనున్నా సరే! ఒక్కడే, పక్కన ఇంకో మనిషి లేకుండా, కళ్ళు మూసుకుని! ఆపడానికి నేను చేసిన పనే ఇంకా పెద్దదాన్ని తెచ్చిపెట్టింది. అప్పటి నుంచీ రోజూ చెప్దామనుకోవడం, ఆయన ఈల వినడం, ఊరుకోవడం. షఫీని పట్టుకుని, సారు రెండోదే పెట్టమన్నాడు అని అబద్ధం చెప్పేద్దామా అని కూడా చూశాను. పైలట్ సంతకం లేకుండా కుదరదు టీచరమ్మా అన్నాడు వాడు, దశాంశ బిందువు తెలియనివాడు నాకు నియమాలు చెప్తున్నాడు.

ఈ మధ్యాహ్నం మూడింటికి ఇక్కడికి వచ్చి, ఈ కుర్చీలోనే నా వంతు ప్రార్థన చేశాను. కళ్ళు ఇంతింత చేసుకుని ఉత్తరం దిక్కు ఆకాశం చూస్తూ చేశాను. అక్కడ, బాపట్ల మీదనో ఎక్కడో, ఆ పావుగంట ఆయన ఏం చేస్తున్నాడో తెలుసు నాకు. ఒకే ప్రార్థన, మూయకు, మూయకు, మూయకు. నాలుగూ ఇరవై ఎనిమిది. ఎదురుగాలి అయితే పది నిమిషాలు, ఇరవై నిమిషాలా? సముద్రం మీద ఎండ వాలుతోంది, జువ్వలదిన్నె పడవలు ఇవతలికి వచ్చేస్తున్నాయి, వాటి మోటార్ల మోత, ఏరేటర్ల మోత, నా చెవుల్లో నెత్తురు మోత. చెప్తే బతికి గోడకేసి తిరిగి పడుకుంటాడు. పడుకోనీ. గోడకేసి తిరిగినా సరే, వీపు కనిపిస్తుందిగా, ఆ వీపు మీద చెయ్యేసి పడుకుంటాను, ఇంకో రెండు మిక్సీలు కొనిస్తాను, విప్పుకోనీ. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళు ఎందుకు తోచలేదు నాకు? నేను కాపాడింది ఆయన ఈలనా, ఈల వినే నా సుఖాన్నా? ఛీ, ఎలిశబెతూ.

ఓబయ్య విజిల్ ఊదాడు. గేదె ఒకటి బద్ధకంగా పక్కకు జరిగింది. అప్పుడు వినపడింది, ఉత్తరాన, సన్నగా, ఆ తర్వాత తెల్ల చుక్క, ఆ తర్వాత రెక్కలు. చక్రాలు నేలను తాకేదాకా చూస్తూనే ఉన్నాను. తాకాక లేచాను, కాగితాలు కింద పడ్డాయి, ఏరుకున్నాను. ఇంజను ఆగింది. తలుపు తెరుచుకుని దిగాడు, చొక్కా వీపుకు అంటుకుని ఉంది, నన్ను చూసి మొహం విప్పారింది.

"ఏందిమే, ఎండన పడి వచ్చినావు? మోకాలు నొప్పన్నావే."

"నొప్పేం లేదు."

"గాలి ఎదురుగా కొట్టింది, అందుకే లేటు. ఏదీ ఆ కాయితం, షఫీ చూస్తా ఉంటాడు." మొదటిది తీసి, విమానం రెక్క మీదే పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆగండి" అన్నాను. "ముందు నాకు ఒకటి చెప్పండి. ఇయ్యాళ మూడింటికి ప్రార్థన చేసినారా?"

"చేసినా."

"కళ్ళు మూసుకునే?"

పెన్ను మూత తీస్తున్నవాడు ఆగాడు. ఇక నేను ఆగలేదు. డిసెంబరు, మూడు గంటలు, నా మాట, ఆయన వంచిన తల, కిటికీ, తెల్ల విమానం, అన్నీ ఒక్క ఊపిరిలో, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పేశాను. ఆయన అరవలేదు. పైలట్ అడిగే ప్రశ్నలు అడిగాడు, ఏ పక్క, పైనా కిందా, ఎంత దూరం. పది గంటల దిక్కు, కిందగా అన్నాను. దూరం నాకు తెలవదు, కిటికీలు అయిదు లెక్కబెట్టినా అన్నాను. కిటికీలు లెక్కపెట్టగలిగినంత దూరమంటే ఎంతో ఆయనకు తెలుసు. చక్రానికి అడ్డం వేసే చెక్క మీద నెమ్మదిగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలా?"

"తాళం దించేస్తారని. ఆ రెండేళ్ళు మళ్ళీ నేను చూళ్ళేనండీ."

"నువ్వు ఎక్కడం మానేసినావు గదా" అన్నాడు. "నా పక్కన కూర్చోడం విసుగొచ్చిందేమో అనుకున్నా. అడిగితే బలవంతంగా వస్తావేమోనని అడగలా. మూడింటికన్నా నీతో ఉన్నట్టు ఉంటాది గదా అని, పైన ప్రార్థన చేసుకుంటా వచ్చినా."

నా తల నేను కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, ఓబయ్య చూస్తున్నా సరే. విసుగా! ఈ మనిషి పక్కన నాకు విసుగా! ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే తిట్టాను, బుద్ధి లేదా మీకు అన్నాను, ముప్పై రెండేళ్ళలో ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు. కాగితం లాక్కుని రెండోది చేతిలో పెట్టాను. "చూపించేది ఎందుకూ పనికిరాదండీ. చూడ్డం నేను చూసినా. మీ మొహం చూస్తా, దాని వెనక ఆ విమానాన్నీ చూసినా. ఏం లాభం, నోరు పెగల్లా. చెప్పేదే కావాల మనకు."

ఆయన తలెత్తి నావైపు చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మీసాల కింద మాత్రం నవ్వు. "నువ్వు కళ్ళు మూసుకోవని నాకు తెలుసులే."

"ఎప్పుట్నించి?"

"పెళ్ళైన కాణ్ణించి. నా మొహం చూస్తా ఉంటావని తెలిసే గదా, అన్నం ముందర ప్రార్థన అంత సాగదీసేది."

ఎన్ని చేపల పులుసులు చల్లారిపోయాయి ఆ ప్రార్థనల్లో, ఎంత విసుక్కున్నాను, ఆమేన్ ఎప్పుడంటాడురా దేవుడా అని. నేను దొంగతనం అనుకున్నది ఆయన రోజూ తెలిసి పెట్టిన అన్నమన్నమాట. కొంగుతో మొహం తుడుచుకున్నాను, ఓబయ్య గేదె ఏదో ఉన్నట్టు అవతలికి వెళ్ళిపోయాడు.

అక్కడే నిలబడి రంగనాయకులుగారికి ఫోన్ చేశాడు. వద్దు రేపు చేయండి అన్నాను, వినలేదు. దాచకుండా, సాకు చెప్పకుండా, గాల్లో కళ్ళు మూసుకున్నానండి, ఒకసారి కాదు, చాలా శుక్రవారాలు అన్నాడు. అవతల ఏమంటున్నారో నాకు వినిపించలేదు, ఆయన సరేనండి, సరేనండి అంటూ ఒక చేత్తో విమానం ముక్కును నిమురుతున్నాడు. ఫోన్ పెట్టేసి చెప్పాడు, రెండోది బిగించేదాకా విమానం కదలదు, బిగించాక నెల రోజులు ఇంకో పైలట్ పక్కన కూర్చుంటాడు, ఆ పైలట్ సరే అంటేనే మళ్ళీ ఒక్కడే ఎగరడం. లేదంటే లేదు.

"మీరే మానేస్తారనుకున్నా" అన్నాను. "పరంజ్యోతిగారి మాదిరి."

"పరంజ్యోతి సారు పక్కన ఎవురూ లేరు. తప్పు చూసి చెప్పేవాళ్ళుంటే ఆయన కూడా మానేసేవాడు కాదేమో." రెండో కాగితం కింద సంతకం చేశాడు, వంకర లేకుండా, తేదీతో సహా. ఫోటో నేనే తీసి పంపాను, నాలుగూ యాభై మూడుకు. తాళం చెవి తీసి కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత ఓబయ్యను పిలిచి, అన్నా, షెడ్డులో భద్రంగా పెట్టు అని ఇచ్చేశాడు. ఆ ఇచ్చేటప్పుడు మొహంలో ఏమీ దాచుకోలేకపోయాడు, నేను అటు తిరిగాను.

స్కూటరు నేనే తెచ్చాను కాబట్టి నేనే నడిపాను. ఆయన వెనక కూర్చున్నాడు, రెండు చేతులూ నా భుజాల మీద వేసి. ఆ నెల తర్వాత ఆ రెండో పైలట్ ఏమంటాడో ఎవరికి తెలుసు, సరే అనొచ్చు, అనకపోవచ్చు, అప్పుడు గోడా ఉంటుంది, మిక్సీ ఉంటుంది, నేనూ ఉంటాను. తారు రోడ్డెక్కాక నా చెవి దగ్గర ఆయన గొంతు వినిపించింది, రేడియోలో మాట్లాడినట్టు నిదానంగా, పొడిపొడిగా. "ట్రాఫిక్. పన్నెండు గంటల దిక్కు. రొయ్యల మేత లారీ." లారీ పోయింది. "పది గంటల దిక్కు, మేకలు, ఆరు. కాదు, ఏడు." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. "రెండు గంటల దిక్కు, సైకిలు, ముసలాయన, నిదానంగా వస్తుండాడు." లారీ, మేకలు, సైకిలు ముసలాయన, అన్నీ నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన్ని చెప్పనిచ్చాను.